ఇలస్ట్రేషన్ చదువుతూ నాలుగైదు ప్రాజెక్టులు మొదలుపెట్టాను, ఏది ముందు పూర్తిచేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. విజయవాడలో ఇలస్ట్రేషన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమ్మమ్మ చెప్పిన మిరపకల్లం దెయ్యం కథతో 32 పేజీల రంగుల బొమ్మల పుస్తకం, కృష్ణ ఘాట్ల స్కెచ్‌బుక్, నలుగురు స్నేహితులతో కలిసి సొంతంగా ముద్రించే చిన్న పత్రిక, తెలుగు వెబ్‌కామిక్, స్టిక్కర్ల అమ్మకం, ఇవన్నీ మొదలుపెట్టాను. ఏదీ సగం దాటలేదు. స్నేహితులంతా నాకంటే బాగా గీస్తున్నారనిపిస్తుంది. పత్రిక ముఖచిత్రం ఎవరు వేయాలన్న దగ్గర ఒకరితో మాటలు తగ్గాయి. చదువయ్యాక ఏం చేస్తావని నాన్న అడుగుతున్నారు. ఐప్యాడ్ కొంటే పని వేగంగా అవుతుందా? సలహా చెప్పండి.

సమాధానం:

అమ్మా, నా కూతురి ఈడుదానివి కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తాను. బెజవాడలోనే ఉండి కథల పుస్తకాలకు, వారపత్రికలకు, స్కూలు పుస్తకాలకు బొమ్మలు వేస్తూ పాతికేళ్లు దాటింది నాకు. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

అమ్మమ్మ కథ ముందు పూర్తిచెయ్యి. కానీ 32 పేజీలు వద్దు, అన్ని రంగులూ వద్దు. 16 పేజీలు, నలుపు, దానికి తోడు ఎరుపు ఒక్కటే. ఘాట్లకు వెళ్లి గీసుకోవడం మాత్రం ఆపకు, అది రోజువారీ సాధన. స్నేహితుల పత్రిక రెండో పని. వెబ్‌కామిక్ వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యి. స్టిక్కర్లకు వేరే ప్లాను అక్కర్లేదు, పుస్తకంలో పాత్రలు కుదిరితే అవే స్టిక్కర్లవుతాయి. (సినిమా హీరోల ముఖాలు, డైలాగులు వేసి అమ్మే పని పెట్టుకోకు. అవి నీవి కావు. అమ్ముడుపోయినా నీ పేరు ఎవరికీ గుర్తుండదు.)

పుస్తకమే ముందు అనడానికి కారణం ఉంది. మన దగ్గర విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు నాకు చాలా వస్తుంటాయి. ఒక్కో బొమ్మ విడిగా చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఒక్క మంచి బొమ్మ చూసి ఏ ఎడిటరూ పుస్తకం చేతికివ్వడు. మొదటి పేజీలో ఉన్న పాప పధ్నాలుగో పేజీలో కూడా ఆ పాపేనా, వెనక నుంచి చూసినా గుర్తుపట్టగలమా, ఏడుస్తున్నప్పుడు ముక్కు మారిపోతోందా, ఇవే చూస్తారు. చందమామ 1947 జూలైలో మొదలైంది. అందులో శంకర్ గారు దశాబ్దాల తరబడి బేతాళ కథలకు బొమ్మలు వేశారు. పాత సంచికలు దొరికితే నాలుగైదు పక్కపక్కన పెట్టుకుని విక్రమార్కుడి భుజాలు, నడుము, కత్తి పట్టుకున్న చెయ్యి మాత్రమే చూడు. ఏ సంచిక తీసినా అతనే. ఆ నిలకడ ఒక కథను చివరిదాకా గీస్తేనే వస్తుంది. విడి బొమ్మలు వంద వేసినా రాదు.

ఇక 16 పేజీలే ఎందుకో చెప్తాను. నాలుగు ఏ4 కాగితాలు తీసుకుని మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి పెట్టు. 16 పేజీల చిన్న పుస్తకం వచ్చింది కదా, దాన్నే డమ్మీ అంటాం. పెన్సిల్‌తో పేజీల నంబర్లు వెయ్యి. 1లో పేరు, 16లో ప్రచురణ వివరాలు. మధ్యలో 2–3, 4–5 అంటూ 14–15 వరకు ఏడు జంట పేజీలు. నీ కథంతా ఈ ఏడింటిలో పట్టాలి. అట్ట వేరే మందపు కాగితం, పైన మడిచి పిన్ను కొట్టేస్తారు. అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ గొంతు తగ్గిస్తుందో గుర్తు చేసుకుని కథను ఏడు ముక్కలు చెయ్యి. ఆ పని కుదిరేదాకా ఒక్క బొమ్మ కూడా ఫెయిర్ చేయకు. నీ 32 పేజీల పుస్తకం సగంలో ఆగిపోయింది కూడా ఇక్కడేనని నా అనుమానం. మూడు నాలుగు పేజీలు అందంగా రంగులు వేసేసి, కథ ఎటు పోతోందో తెలియక కూర్చునే పిల్లలు నాకు చాలామంది తెలుసు.

పేజీ తిప్పడం నీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. భయం కుడి పేజీలో మొదలవ్వాలి, దెయ్యం ఎడమ పేజీలో కనిపించాలి. అంటే 5వ పేజీ చివర పాప కల్లంలో ఎండబెట్టిన మిరపకాయల మీద అడుగుల చప్పుడు విని తల తిప్పుతుంది. పిల్లవాడు పేజీ తిప్పుతాడు. 6లో దెయ్యం. అదే దెయ్యాన్ని 5లో పెట్టావనుకో, 4 చదువుతుండగానే పిల్లవాడి కన్ను దాని మీద పడిపోతుంది, ఇంక భయమెక్కడిది? 8–9 పేజీలు ఒకే కాగితం మీద వస్తాయి, పుస్తకానికి నడుమ అవి. బొమ్మ అటూ ఇటూ జరగదు. కథలో అన్నిటికంటే పెద్ద దృశ్యం అక్కడ పెట్టుకో. మిగతా జంట పేజీల్లో మనిషి ముఖం సరిగ్గా మడత మీద పడకుండా చూసుకో.

ఒకే బొమ్మలో ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ రెండూ చూపడం ఎలాగో నేర్చుకోవాలంటే దూరం వెళ్లక్కర్లేదు. మన అమరావతి శిల్పుల దగ్గరే ఉంది. నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఒకటుంది, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది, ఫొటోలు సులువుగా దొరుకుతాయి. ఎడమవైపు ఏనుగు మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుకుంటూ వస్తుంటుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. మధ్యలో గీత లేదు, గడి లేదు. ఒక పక్క జనం భయంతో వెనక్కి తగ్గుతుంటారు, పైన కిటికీల్లోంచి తొంగిచూస్తుంటారు. మరో పక్క అంతా నిశ్శబ్దం. ఆ మనుషుల ఒంటి వాలు వెంటే మన కన్ను ఎడమ నుంచి కుడికి జరిగిపోతుంది. దాదాపు 1,800 ఏళ్ల కిందటి పని అది. ఆ పలకను ఒకసారి పెన్సిల్‌తో కాపీ చెయ్యి. అందం కోసం కాదు, ఎవరు ఎటు చూస్తున్నారో ఒక్కో బాణం గుర్తు వేస్తూ. తర్వాత నీ 8–9 పేజీలు మళ్లీ గీసి చూడు. అమరావతి ఊళ్లోని మ్యూజియం కూడా చూసి రా, మీ గుంటూరు నుంచి బస్సుంది.

రంగు సంగతి. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసిన దృశ్యం చూసిన పిల్లకు ఎరుపు గురించి నేను చెప్పాలా? పాప నలుపు గీతల్లో, రాత్రి నల్లటి ఇంకులో, మిరపకాయలు మాత్రం ఎరుపులో. దెయ్యం చేతికి ఎరుపు అంటిందంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాళ్లకు మాట లేకుండానే తెలిసిపోతుంది. పద్ధతి ఇలా: నలుపు గీతలు ఒక కాగితం మీద వెయ్యి. దాని మీద ఇంకో కాగితం పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి, ఎరుపు ఎక్కడెక్కడ రావాలో అది కూడా నల్ల ఇంకుతోనే వెయ్యి. రెండు కాగితాలకూ నాలుగు మూలలా ప్లస్ గుర్తులు పెట్టుకో. రెండూ స్కాన్ చేసి, కంప్యూటర్‌లో గుర్తులు కలిపి, రెండో లేయరుకు ఎరుపు ఇచ్చి మల్టిప్లై (కింది గీతలు కనబడేలా రంగును పైన కలపడం) చేస్తే సరి. ఈ పద్ధతిలో తప్పు సరిదిద్దుకోవడం తేలిక, ఒక పేజీ ఎరుపుకూ ఇంకో పేజీ ఎరుపుకూ తేడా రాదు.

వంద కాపీలే అయితే డిజిటల్ ప్రింట్‌కు వెళ్లు. అక్కడ ఒక్క ఎరుపు వాడినా కలర్ రేటే తీసుకుంటారు, అది తెలుసుకుని వెళ్లు. అయిదు వందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటవుతుంది, అప్పుడు నలుపుకొకటి, ఎరుపుకొకటి రెండు ముద్రణ రేకులు (ప్లేట్లు) చాలు. మన ఊరు పుస్తకాల ముద్రణకు పేరున్న ఊరు, ప్రెస్సులకు కొదవలేదు. ఫైలు ఇచ్చే ముందు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) వదిలావా, బొమ్మ అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) ఉందా చూసుకో. అక్షరాలు నాలుగు రంగులు కలిసిన నలుపులో కాకుండా ఒక్క బ్లాక్‌లోనే ఉండాలి. లేకపోతే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడలు పడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. రేపు ఈ పుస్తకాన్ని ఇంగ్లిష్‌లోనో తమిళంలోనో ఎవరైనా వేస్తామంటే అక్షరాలను విడిగా బ్లాక్‌లో ఉంచావు కాబట్టి ఆ ఒక్క ప్లేటు మారిస్తే సరిపోతుంది. అందుకే అక్షరాలను బొమ్మలో కలిపేయకుండా వేరే లేయరులో పెట్టు.

అక్షరాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ల వెబ్‌కామిక్స్‌లో బొమ్మలు బావుండి అక్షరాల దగ్గర పరువు పోవడం చూస్తే నాకు బాధేస్తుంది. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటివి రెండు మూడు అంతస్తులు దిగుతాయి. ఇంగ్లిష్ కామిక్ చూసి అదే కొలతలో మాటల బుడగ గీస్తే పై లైను వత్తు, కింది లైను గుడి గుద్దుకుంటాయి. 14 పాయింట్ల అక్షరానికి కనీసం 20–22 పాయింట్ల లైన్ స్పేసింగ్ ఇవ్వు. పైగా మన మాటలు పొడుగు. ‘వెళ్లిపోతున్నాననుకున్నావా’ అన్న ఒక్క మాటే బుడగ వెడల్పు తినేస్తుంది. అందుకని ముందు మాటలు పెట్టు, తర్వాత వాటి చుట్టూ బుడగ గీయి, ఆ తర్వాతే మనుషులను నిలబెట్టు. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్‌-రెడీ లేఅవుట్ ఎంచుకో, సర్దుకుంటాయి. ప్రెస్సు దగ్గర డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని) చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ పాత అనూ ఫాంట్లలోనే పనిచేస్తారు, ఫోన్లో, నెట్‌లో వాడే నీ యూనికోడ్ అక్షరాలు అక్కడ అతికిస్తే పిచ్చిగీతలొస్తాయి. కాబట్టి పేజీలు నువ్వే కట్టి పీడీఎఫ్ ఇవ్వు. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ముద్రణకూ వాడుకోవచ్చు. కథ పేరు మాత్రం నీ చేత్తోనే రాయి. బాపు గారి రాత చూడగానే ఆయనదని తెలిసిపోతుంది కదా. నీ గీతకు తగ్గ రాత నీ చేతిలోంచే రావాలి.

ఘాట్ల స్కెచ్‌బుక్ ఆపొద్దన్నాను. దాన్ని ప్రాజెక్టు అనుకోకు, పూర్తిచేయాలన్న టెన్షన్ పెట్టుకోకు. అక్టోబరులో రోజుకో ఇంకు బొమ్మ అని 2009 నుంచి ప్రపంచమంతా ఒక సవాలు నడుస్తోంది, నీ స్నేహితులూ దాని వెంట పడే ఉంటారు. చేస్తే మంచిదే, కానీ రోజూ ఇచ్చిన పదానికి ఊహించి బొమ్మ వేయడం కన్నా దుర్గా ఘాట్‌లో అరగంట కూర్చుని తడిబట్టలు పిండుకుంటున్న మనిషి మోచేతులు గీయడమే నీ పుస్తకానికి ఎక్కువ పనికొస్తుంది. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. అన్నీ గీయకు. దగ్గరున్న మూడు శుభ్రంగా గీసి, మిగతావి గీతలుగా సన్నబడుతూ పోతే దూరం అదే వస్తుంది. ఉండవల్లి గుహల అంతస్తులు నీడలకు, కొండపల్లి బొమ్మలు ఆకారాలకు మంచి పాఠాలు. తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి కొయ్యబొమ్మను వెలుగుకు అడ్డంపెట్టి చూడు. ఒట్టి నీడలో కూడా ఎవరో, ఏం చేస్తున్నాడో తెలుస్తుంది. నీ దెయ్యానికి ఆ పరీక్ష పెట్టు.

ఇప్పుడు స్నేహితుల విషయం. నువ్వు దీన్ని మధ్యలో రెండు వాక్యాల్లో రాశావు కానీ అసలు బెంగంతా అక్కడే ఉందని నాకు అర్థమైంది.

బొమ్మలు వేసేవాళ్లకు తోటి బొమ్మలు వేసేవాళ్లు కావాలి. ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా చూసినా, ఆ చెయ్యి ఎందుకు కుదరలేదో చెప్పలేరు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లో 28 ఏళ్లు కూడా నిండకుండానే మశూచితో పోయారు. ఆయన బొమ్మలు ఈ రోజు గ్యాలరీలో చూడగలుగుతున్నామంటే వరదా వెంకటరత్నం గారిలాంటి స్నేహితులు ఆయన పెట్టిన చిత్రకళాశాలను, ఆ బొమ్మలను దశాబ్దాలపాటు కనిపెట్టుకుని ఉన్నారు కాబట్టే. వెంకటరత్నం గారూ చిత్రకారుడే. ‘వాడు నాకంటే బాగా వేశాడు’ అన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ రాలేదని నేను చెప్పలేను, కానీ ఆయన చేసిన పని మాత్రం కళ్లముందుంది. మీ జిల్లాలోనే దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి ఉంది. చిత్రకారుడు, కళావిమర్శకుడు సంజీవదేవ్ గారు ఆ పల్లెలో ఉంటూనే దేశదేశాల కళాకారులతో, రచయితలతో ఉత్తరాల ద్వారా స్నేహం నడిపారు. నికొలస్ రోరిక్ లాంటి చిత్రకారుడితో ఆయనకు పరిచయం. నీ చేతిలో ఫోన్ ఉంది. నీకు నచ్చిన ఇలస్ట్రేటర్‌కు ‘సూపర్ సార్’ అని కామెంట్ పెట్టే బదులు, ఆ బొమ్మలో నీకు ఏది ఎందుకు నచ్చిందో నాలుగు వాక్యాలు రాసి పంపు. చాలామంది జవాబిస్తారు.

స్నేహితులు బాగా గీస్తున్నారని కుంగిపోవడం గురించి ఒకటే చెప్తాను. నువ్వు వాళ్లు పెట్టిన పూర్తయిన బొమ్మను నీ సగం గీసిన బొమ్మతో పోలుస్తున్నావు. వాళ్ల చిత్తు కాగితాలు చూపించమను. నెలకొక ఆదివారం అందరూ రాజీవ్‌గాంధీ పార్కులోనో, బందరు రోడ్డు బాపు మ్యూజియం దగ్గరో కలిసి, పూర్తికాని పనులు మాత్రమే తీసుకురావాలని నియమం పెట్టుకోండి. బొమ్మ చూపించి ‘ఎలా ఉంది’ అని అడగొద్దు, ‘బాగుంది’ అనే జవాబు తప్ప ఏమీ రాదు. ‘నీ కన్ను ముందు ఎక్కడ పడింది?’ ‘ఈ పాపకు ఎన్నేళ్లుంటాయనిపిస్తోంది?’ ‘ఇక్కడ ఏం జరుగుతోందో కథ తెలియకుండా చెప్పు’ అని అడుగు. ఆ జవాబుల్లో నీకు పని దొరుకుతుంది. ఎవరికి ఏది బాగా వస్తే అది మిగతావాళ్లకు నేర్పాలి. రంగులు బాగా వేసే అమ్మాయి రంగులు, జనాన్ని బాగా గీసే అబ్బాయి జనం. నీకు కథ చెప్పడం వచ్చు, నువ్వు రాసిన ప్రశ్నలోనే తెలుస్తోంది.

పత్రిక గొడవకు వస్తే, ముందు ఆ స్నేహితుడికి ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్. ముఖచిత్రం అతన్నే వేయమను. పట్టుదలకు పోయి ఓడిపోయినట్టు అనుకోకు, రెండో సంచిక ఉంటుంది కదా. ఆ తర్వాత అందరూ కూర్చుని ఒక పేజీ రాసుకోండి. సంచికకు ఒక్కరే ఎడిటర్, సంచిక సంచికకూ మారాలి, ఎడిటర్‌గా ఉన్నవాళ్లు ఆసారి ముఖచిత్రం వేయకూడదు. ఒక్కొక్కరికి నాలుగు పేజీలు. గడువు తేదీ రాసుకోండి, ఆ రోజుకు రాని పేజీలు లేకుండానే సంచిక ప్రెస్సుకు వెళ్తుంది. ముద్రణ ఖర్చు సమానంగా పెట్టుకోవాలి, అమ్మిన డబ్బులో ముందు ఎవరి ఖర్చు వాళ్లకు తిరిగిరావాలి, మిగిలింది తర్వాతి సంచికకు. ఎవరి బొమ్మ హక్కు వాళ్లదే, ఒకరి పాత్రను ఇంకొకరు అడక్కుండా వాడకూడదు. ఇవన్నీ రాసుకోవడం అపనమ్మకం కాదమ్మా. స్నేహంలో డబ్బూ పేరూ కలిసినప్పుడు మాటలు ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటాయి, కాగితానికి ఒకేలా గుర్తుంటుంది.

బయటివాళ్ల పనికి ఈ కాగితం ఇంకా ముఖ్యం. నేను బొమ్మలు వేసిన ఒక పిల్లల పుస్తకం రెండో ముద్రణలో నా పేరు లేకుండా వచ్చింది, ముఖచిత్రం మాత్రం నాదే. 1957 కాపీరైట్ చట్టంలో కొన్ని సంగతులు ప్రతి ఇలస్ట్రేటర్‌కూ తెలిసుండాలి. మామూలుగా బొమ్మ వేసినవాళ్లదే హక్కు. కానీ డబ్బిచ్చి చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ ప్రకారం వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు కావచ్చు. ఉద్యోగంలో భాగంగా వేసినదాని హక్కు సాధారణంగా యజమానిదే. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగానే ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకనీ 19వ సెక్షన్ లెక్క. ఇది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ఇస్తుంది, కాపీరైట్ అమ్మేసినా అది పోదు. కాబట్టి పని ఒప్పుకునే ముందు ఈమెయిల్‌లో రాసుకో: ఎన్ని బొమ్మలు, ఏ సైజు, ఏ పుస్తకానికి, ఎన్ని ముద్రణలకు, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తావు, అడ్వాన్స్ ఎంత, పేరు ఎక్కడ వేస్తారు. నేను సగం అడ్వాన్స్ లేకుండా పెన్సిల్ పట్టను, రఫ్ దశలో రెండుసార్లు మార్పులు చేసిస్తాను, ఆపైన మార్పుకు వేరే డబ్బు.

పుస్తకం అయ్యాక ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో పెట్టాలని నీకు అనిపించవచ్చు. తెలుగు పిల్లలకు చేరడానికి మంచి చోటు. అయితే అక్కడి కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి, నీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అందుకు మనసు ఒప్పుకుంటేనే పెట్టు. అమ్మమ్మ కథను మాత్రం కొన్నాళ్లు నీ దగ్గరే ఉంచుకోమంటాను. పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకు డమ్మీ పంపు. ఇటలీలో ఏటా జరిగే బొలోన్యా పిల్లల పుస్తకాల ప్రదర్శనకు ఇలస్ట్రేటర్లు ఒకే వరుసలోని 5 బొమ్మలు పంపుతారు. నీ ఏడు జంట పేజీల్లోంచి అయిదు తీస్తే చాలు, దానికోసం కొత్తగా ఏమీ వేయక్కర్లేదు.

నాన్నగారికి ఏం చెప్పాలో కూడా చూద్దాం. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న, విసుక్కోకు. ‘ఆర్టిస్టునవుతాను’ అంటే ఆయనకు అర్థం కాదు, భయమేస్తుంది. పనుల పేర్లు చెప్పు. విజయవాడలో స్కూలు పుస్తకాలు, వర్క్‌బుక్కులు వేసే సంస్థలున్నాయి, సైన్సు బొమ్మ తప్పు లేకుండా గీసేవాళ్లు వాళ్లకు ఎప్పుడూ కావాలి. హైదరాబాద్‌లో యానిమేషన్, గేమ్ స్టూడియోలున్నాయి, సినిమాలకు స్టోరీబోర్డులు గీసేవాళ్లున్నారు. నా ఇల్లు చాలాకాలం నడిచింది ముఖచిత్రాలతో కాదు, కప్ప గుండె, పత్రం నిలువుకోత, బంగాళాఖాతం మ్యాపు, వీటితోనే. ఆ పని చిన్నదని ఎవరైనా అంటే నమ్మకు. చెయ్యి తిరిగింది అక్కడే. ఈ వేసవి సెలవుల్లో అలాంటి ఒక సంస్థలో నెలరోజులు పనిచేసి, వచ్చినంత డబ్బు తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టు. ఆయన ప్రశ్నకు సగం జవాబు అదే.

కాలం లెక్క ఇలా వేసుకో. డమ్మీ ఆగస్టు లోపల, పెన్సిల్ బొమ్మలు సెప్టెంబరులో, ఇంకు అక్టోబరు, నవంబరులో. డిసెంబరు మొదటి వారంలో ప్రెస్సు. జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవానికి వంద కాపీలు సంచిలో ఉంటాయి. స్టాలు అక్కర్లేదు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడిగితే పది కాపీలు అమ్మిపెట్టేవాళ్లు దొరుకుతారు. ప్రచురణకర్తలు, ఎడిటర్లు మహోత్సవంలో స్టాళ్ల దగ్గరే కూర్చుని ఉంటారు. ఫోన్లో పోర్ట్‌ఫోలియో చూపించబోతే తర్వాత చూస్తామంటారు, అదే పుస్తకం చేతికిస్తే అక్కడే పేజీలు తిప్పుతారు.

చివరి ప్రశ్న, ఐప్యాడ్. ఇప్పుడు వద్దు. నీ పుస్తకానికి కావలసింది మంచి కార్ట్రిడ్జ్ కాగితం, ఇండియన్ ఇంక్, ఒక సన్న బ్రష్షు, ఒక డిప్ పెన్ను. గీతల బొమ్మలు 600 డీపీఐలో స్కాన్ చేయించు, కాలేజీలో స్కానర్ లేకపోతే డీటీపీ సెంటర్లో చేసిస్తారు. లేయర్లు కలపడానికి క్రీటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. పని ఆగింది పరికరం లేక కాదు కాబట్టి, ఐప్యాడ్ వస్తే ఆరో ప్రాజెక్టు మొదలవుతుందని నా భయం. కొనడానికి దాచిన డబ్బులో కొంత తీసి ముద్రణ ఖర్చుకు పక్కన పెట్టుకో, ఈ వారంలోనే ప్రెస్సుకు వెళ్లి 16 పేజీలు, వంద కాపీలు, అట్ట 300 జీఎస్‌ఎమ్ (కాగితం బరువు లెక్క), లోపల 130 అని చెప్పి కొటేషన్ రాయించుకుని రా.